నాన్న దీపం పెట్టిన ఒడ్డునే బాప్తిస్మం తీసుకోవచ్చా?

హైదరాబాద్‌లో ఉంటున్న ముప్ఫై నాలుగేళ్ళ పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. ఆమె రాసినదాని సారాంశం ఇది.

వాళ్ళ నాన్నగారిది దివిసీమలో కోడూరు పక్క పల్లె. 1977 నవంబరు 19 శనివారం ఉప్పెన వచ్చేనాటికి ఆయనకు పదకొండేళ్ళు. రాత్రంతా తాటిచెట్టును కరుచుకుని బతికారు. తండ్రి అంతకుముందే లేరు. తల్లీ ఇద్దరు చెల్లెళ్ళూ కొట్టుకుపోయారు, శవాలు కూడా దొరకలేదు. తర్వాత పదో తరగతి దాకా బందరులో ఒక మిషన్ హాస్టల్లో చదివి, ఆర్టీసీలో కండక్టరుగా చేశారు. అటు గుడికీ వెళ్ళేవారు కాదు, ఇటు చర్చికీ వెళ్ళేవారు కాదు. కానీ ఏటా నవంబరు 19న భార్యాబిడ్డల్ని వెంటబెట్టుకుని పాలకాయతిప్ప ఒడ్డుకు వెళ్ళేవారు. గాలికి ఆరిపోకుండా ఇసుకలో గుంట తీసి దీపం పెట్టేవారు, అరిటాకులో మూడు ముద్దల పెరుగన్నం ఉంచేవారు. కాసేపు ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. ఆ తర్వాత అక్కడే మూడు రాళ్ళ పొయ్యి మీద చేపలు వేయించి పిల్లలకు పెట్టేవారు. పాఠకురాలికి చిన్నతనమంటే ఆ చేపల వాసనే.

రెండేళ్ళ కిందట ఆయన పోయారు. ట్రంకు పెట్టెలో పాత తెలుగు బైబిలు దొరికింది. ప్రకటన గ్రంథం 20వ అధ్యాయంలో ఒక్క వాక్యం కింద గీత ఉంది: "సముద్రము తనలో ఉన్న మృతులను అప్పగించెను." పక్కన పెన్సిలుతో మూడు పేర్లు. కిందటి నవంబరులో ఆమె ఆ పుస్తకాన్ని ఒడ్డుకు తీసుకెళ్ళి ఆ పేజీ చదువుకున్నారు. జీవితంలో మొదటిసారి యేసు పేరు పెట్టి ప్రార్థన చేశారు. అప్పటినుంచి ఇంటి దగ్గర ఒక సంఘానికి వెళ్తున్నారు.

ఇప్పుడు చిక్కు. ఈ నవంబరు 19న అదే ఒడ్డున బాప్తిస్మం తీసుకుంటే గొప్ప సాక్ష్యం అవుతుందని, దీపం దగ్గరికి మాత్రం వెళ్ళకూడదని, నాన్న ఫొటోకు దండ తీసేయాలని పాస్టరుగారు అంటున్నారు. నాన్న పోయినప్పటినుంచి అన్నయ్య నాలుగు ముద్దలు పెడుతున్నారు. ఈ సంగతి తెలిసి, "పాలపొడికి మారినవాళ్ళలో నువ్వూ కలుస్తావా? అలాగైతే కోడూరు దగ్గరి డెబ్భై సెంట్లలో నీకు వాటా లేదు" అన్నారు. భర్త వద్దనలేదు, పిల్లల సర్టిఫికెట్లకు ఇబ్బంది రాకుండా చూసుకోమన్నారు. అమ్మ మాత్రం, "మీ నాన్నకు దీపం పెట్టేవాళ్ళలో ఒకరు తగ్గారు" అని ఊరుకున్నారు. ఆ బైబిలు పేజీ ఇంకా ఎవరికీ చూపించలేదు. ఆమె ప్రశ్నలు మూడు: అక్కడే బాప్తిస్మం తీసుకోవచ్చా? దీపం దగ్గర నేనేం చేయాలి? నాన్న లోపల్లోపల విశ్వాసేనా, కాకపోతే ఆయన ఇప్పుడు ఎక్కడున్నట్టు?

అమ్మా, మీ మూడో ప్రశ్నతోనే మొదలుపెడతాను. మిగతా రెండూ దాని మీదే వేలాడుతున్నాయి.

మీ నాన్నగారు గీత గీసిన వాక్యం తుది తీర్పు ఘట్టంలోది. బైబిల్లో పేరున్న వాక్యాల్లో ఒకటేమీ కాదు. క్యాలెండర్ల మీద వేయరు, గోడలకు తగిలించరు. హాస్టల్లో అబ్బాయిల చేత కంఠతా పట్టించే యోహాను 3:16నో, 23వ కీర్తననో వదిలేసి, ఆయన దీని దగ్గర ఆగారు. కారణం ఊహించడం కష్టం కాదు. ఆ ఉప్పెనలో చనిపోయినవారు అధికారిక లెక్కల్లోనే పదివేల దాకా ఉన్నారు. ఎంతోమందికి చివరిచూపు లేదు, అంత్యక్రియలు లేవు. సముద్రం తీసుకున్నవాళ్ళను సముద్రమే తిరిగి ఇస్తుందని ఒక పుస్తకంలో అచ్చయి కనపడితే, ఒంటరిగా మిగిలిన పిల్లవాడు ఆ పక్కన పేర్లు రాసుకున్నాడు. ఆ పేజీ నుంచి మనం ఖాయంగా చెప్పగలిగింది ఇంతే. ఆయన ఆ మాటను ఆశపడి పట్టుకున్నారు. బాప్తిస్మం తీసుకున్నారా, చివరిదాకా నమ్మారా అన్నది ఆ గీత చెప్పదు.

అందుకే మీకు ఒక జాగ్రత్త చెప్పాలి. "నాన్న లోపల క్రైస్తవుడే" అని మీ అన్నయ్యతో అనకండి. మీకు అది ఓదార్పు. ఆయనకు మాత్రం తను ఇన్నేళ్ళూ పక్కన నిలబడి దీపం పెట్టిన తండ్రిని ఎవరో లాగేసుకున్నట్టు ఉంటుంది. తెలుసుకోవాలనే ఉంటే దారులున్నాయి. పుస్తకం మొదటి పేజీలో హాస్టల్ ముద్ర గానీ, బహుమతిగా ఇచ్చినట్టు రాత గానీ ఉందేమో చూడండి. ఆ హాస్టల్ ఏ సంఘం కింద నడిచిందో కనుక్కుంటే, పాత సంఘాలు బాప్తిస్మపు రిజిస్టర్లు దాచి ఉంచుతాయి, 1977 నుంచి ఆయన పదో తరగతి అయిన ఏడాది దాకా వెతికించవచ్చు. పేరు దొరికితే మీకు సంతోషం, ఇంట్లో పెద్ద దుమారం. దొరకకపోతే మీకు దిగులు. రెంటికీ సిద్ధమైతేనే అడగండి. అడగకుండా ఉండిపోయినా తప్పేం లేదు.

ఇక ఆయన ఎక్కడున్నారన్నది. దీనికి సంఘాలన్నీ ఒకే జవాబు చెప్పవు. చనిపోయినవారి కోసం ప్రార్థించడం కథోలికులకు ఆచారం. ప్రొటెస్టెంట్ సంఘాలు చాలావరకు ఆ ప్రార్థన చేయవు, వారిని దేవుని తీర్పుకు వదిలేస్తాయి. పెంతెకొస్తు బోధకుల్లో కొందరు ఖరాఖండీగా మాట్లాడతారు. ఎవరు ఏం చెప్పినా, ఆ తీర్పు చెప్పే పని మనుషులది కాదని మీరు చదివిన 20వ అధ్యాయమే అంటోంది. మీ నాన్న సంగతి ఎత్తి, భయపెట్టి, మిమ్మల్ని తొందరపెట్టేవాళ్ళు కనపడితే కాస్త దూరం జరగండి.

దీపం సంగతికొద్దాం. మీ ముందు మూడు దారులున్నాయి.

ఎప్పటిలాగే అన్నీ చేసేయడం ఒకటి. ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది, కానీ ముద్ద పెడుతూ మీరు లోపల ఒకటి అనుకుంటూ బయటికి ఒకటి చేస్తారు. రెండేళ్ళు తిరిగేసరికి అది మీకే భరించరానిదవుతుంది, అప్పుడు గొడవ ఇప్పటికన్నా పెద్దదవుతుంది. అసలు వెళ్ళకపోవడం రెండోది. పాస్టరుగారికి నచ్చుతుంది. అమ్మ అన్న మాట మాత్రం నిజమైపోతుంది, పైగా నాన్న పేరు చెప్పి ఇల్లంతా కలిసే ఒకే ఒక్క రోజు మీకు పోతుంది. తిరిగి దొరకడం కష్టం.

మూడోది, వెళ్ళి నిలబడటం, కర్మ మాత్రం మీ చేత్తో చేయకపోవడం. బైబిల్లో దీనికి దగ్గరి సందర్భం ఉంది. సిరియా సేనాధిపతి నయమాను, దేవుణ్ణి నమ్మాక, తన రాజు రిమ్మోను గుడిలో మొక్కేటప్పుడు పక్కన ఉండక తప్పదే, క్షమిస్తాడా అని ఎలీషాను అడుగుతాడు (2 రాజులు 5). ఎలీషా ఉద్యోగం మానేయమనలేదు, సమాధానంతో వెళ్ళమన్నాడు. తిండి విషయంలో పౌలు 1 కొరింథీ 8, 10 అధ్యాయాల్లో వివరంగా రాశాడు. విగ్రహాలకు అర్పించిన బల్లలో పాలు పంచుకోవడం వేరు, ఒకరి ఇంట్లో పెట్టింది తినడం వేరు అంటాడు. మీ ఒడ్డుకు దాన్ని అన్వయిస్తే, ముద్ద మీరు పెట్టరు, చేపలు మీరు తింటారు.

మీరే వేయించండి కూడా. ఆ పని ఇప్పుడు ఎవరు చేస్తున్నారో మీరు రాయలేదు. పొయ్యి బాధ్యత అడిగి తీసుకోండి. యోహాను సువార్త చివరి అధ్యాయం తీసి చూడండి: రాత్రంతా వల వేసి అలిసిపోయిన శిష్యులకు పునరుత్థానుడైన యేసు ఒడ్డున నిప్పుల మీద చేపలు సిద్ధం చేసి, తినడానికి రమ్మంటాడు. మీ నాన్నగారు ఆ పేజీ చదివే పొయ్యి పెట్టారో లేదో మనకెందుకు, మీరు ఆ పొయ్యి దగ్గర కూర్చోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మూడో దారిలో చేదూ ఉంది. అన్నయ్యకు సగమే తృప్తి, పాస్టరుగారికి సగమే తృప్తి. రెండువైపులా మాట పడాలి. దాన్ని తగ్గించే ఉపాయం ఒకటే, చెప్పేది ముందే చెప్పడం. ఒడ్డు మీద, అందరి ముందు, దీపం వెలిగే వేళ కాదు. కనీసం రెండు వారాల ముందు ఫోన్లో, వీలైతే ఎదురుగా: "అన్నయ్యా, నేను వస్తాను. ముద్ద నువ్వు పెట్టు, నేను పక్కన నిలబడతాను. నలుగురి పేర్లూ నేను పైకి చదువుతాను. చేపలు నేను తెస్తాను." ఇంతకు మించి వివరించకండి. సిద్ధాంతం మొదలైతే అది చర్చ అవుతుంది, చర్చలో అన్నయ్యలు ఓడిపోరు.

సాయంగా పంచిన పాలపొడికి ఆశపడి మతం మారారన్న ఆ ఎత్తిపొడుపుకు జవాబివ్వాలని మీకు మండుతూ ఉంటుంది. వద్దు. ఉప్పెన తర్వాత దివిసీమకు క్రైస్తవ సంస్థలు వచ్చాయి, రామకృష్ణ మిషన్ వచ్చింది, ఇంకా ఎందరో వచ్చారు. అన్నం ఎవరు పెట్టినా అప్పుడు తిన్నారు. ఆ హాస్టల్ అన్నం తిన్న పిల్లవాడు మీ ఇద్దరికీ తండ్రే. ఈ సంగతి మీ అన్నయ్యకు మాటల్లో చెప్పాల్సిన పని లేదు. ఆ పేజీ చూపించండి. ఏమీ అనకుండా పుస్తకం ఆయన చేతిలో పెట్టి, పక్క గదిలోకి వెళ్ళిపోండి. మొదట చూడాల్సింది ఆయనే, మీ సంఘంవాళ్ళు కాదు. సాక్ష్యం చెప్పే వేదిక మీద ఆ పేజీ కథ వినిపించాక అన్నయ్యకు ఎవరి ద్వారానో తెలిస్తే, అది ఇక అతుక్కోదు.

ఫొటోకు దండ గురించి ఒక్క మాట. ఆ ఫొటో అమ్మ ఇంట్లో ఉంటే అది అమ్మ నిర్ణయం. మీ ఇంట్లో ఉంటే ఫొటో ఉంచి దండ తీసేయవచ్చు. చనిపోయినవారిని తలుచుకోవడం క్రైస్తవంలో నేరమేమీ కాదు. నవంబరు 2న మన ఊళ్ళలో సమాధుల పండుగ చేస్తారు, ముందుగానే సమాధులకు సున్నం కొట్టి, ఆ రోజు పూలు పెట్టి కొవ్వొత్తులు వెలిగిస్తారు. కొన్ని సంఘాలు దాన్నీ ఒప్పుకోవు. కానీ సంవత్సరీకానికి జ్ఞాపకార్థ కూడిక పెట్టని తెలుగు సంఘం అరుదు. మీ పాస్టరుగారిని సూటిగా అడగండి: "మీ సంఘంలో జ్ఞాపకార్థ కూడిక ఎలా చేస్తారు? మా నాన్నకు మా ఇంట్లో పెట్టుకోవచ్చా? అమ్మ వచ్చి కూర్చోవచ్చా?" ఆ జవాబును బట్టి ఆ సంఘం మీకు సరిపడుతుందో లేదో తెలిసిపోతుంది.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. బాప్తిస్మం తీసుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం, దాంట్లో నేను వేలు పెట్టను. కానీ ఆ తేదీన ఆ ఒడ్డున మాత్రం వద్దని గట్టిగా చెబుతాను. మీకు విశ్వాసం దొరికిందీ, నాన్న జ్ఞాపకం ఉన్నదీ ఒకే చోట కావచ్చు. అవి రెండూ ఒకటి కావు. ఆ రోజు ఉప్పెనలో పోయినవాళ్ళది, మీ ఇంట్లో అందరిదీ. బాప్తిస్మం మీ ఒక్కరిది. ఒకే రోజుకు రెండూ తగిలిస్తే, ఇక ఏటా నవంబరు 19 వస్తే మీ అమ్మకు అత్తగారూ ఆడపడుచులూ గుర్తురారు, మీరు వేరైపోయిన రోజే గుర్తొస్తుంది.

సముద్రం వైపు నుంచి చూసినా అది తప్పు తేదీ. నవంబరు మన తీరానికి తుఫానుల కాలం. పైగా ఆ వారం చాలా ఏళ్ళు కార్తీకంలోనే పడుతుంది, దగ్గర్లోనే కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి సంగమం దగ్గర స్నానాల జనం ఉంటారు. ఆ జనం మధ్య బాప్తిస్మం అంటే ఎవరో ఒకరు ఫోను తీసి వీడియో పెడతారు, గొడవ మీ ఇల్లు దాటి వీధికెక్కుతుంది. నది సముద్రంలో కలిసే చోటు నీళ్ళలో దిగడానికి ఎప్పుడూ మంచిది కాదు. ఆటు మొదలైతే నది నీరూ పోటు నీరూ కలిసి లోపలికి లాగుతాయి, ఇసుక మేటలు చోటు మారుతుంటాయి, మోకాళ్ళ లోతు అనుకున్నది రెండడుగుల్లో తల దాటిపోతుంది.

నీళ్ళే కావాలంటే చర్చిలో తొట్టి ఉంటుంది. సముద్రమే కావాలని మనసు పడితే జనవరి చివర, ఫిబ్రవరిలో పొద్దున్నే, గాలి లేవకముందు పెట్టుకోండి. అమావాస్యకూ పౌర్ణమికీ ఆటుపోట్ల తేడా ఎక్కువ, అష్టమి నుంచి దశమి దాకా తక్కువ. ముహూర్తాలకు పనికిరాదని అందరూ పక్కన పెట్టే అష్టమి బాప్తిస్మానికి మంచి రోజు కావడం తమాషాగానే ఉంటుంది. అయితే కెరటం ఎత్తు గాలిని బట్టి ఉంటుంది కాబట్టి తిథి చూసుకుని ధీమాగా దిగకండి, ఆ రోజు వేటకు వెళ్ళొచ్చినవాళ్ళను అడగండి. మెరైన్ పోలీసులకు ముందు చెప్పండి. నది మొగ నుంచి బాగా దూరం జరగండి. మంగినపూడి వాలు తక్కువ, కానీ అడుగున ఇసుక కాదు, నల్లమట్టి. కాలు జారుతుంది, కూరుకుపోతుంది.

లోతు నడుము దాటకూడదు. చీర వద్దు. తడిసిన కుచ్చిళ్ళు కాళ్ళకు చుట్టుకుంటాయి, పైట తేలిపోతుంది. ముదురు రంగు నూలు చుడీదారు, చున్నీ లేకుండా. బంగారం, కళ్ళద్దాలు ఒడ్డున ఇచ్చేయండి. పట్టుకోవడానికి ఇద్దరు, సముద్రం వైపే చూస్తూ కెరటాలు కనిపెట్టడానికి మూడో మనిషి ఉండాలి. వాళ్ళలో ఒకరికైనా ఈత రావాలి. పెద్ద కెరటాలు నాలుగైదు వరసగా వచ్చి కాసేపు నెమ్మదిస్తాయి, ఆ నెమ్మదిలోనే ముంచాలి. మీరు చేతిరుమాలుతో ముక్కు మూసుకుని, మోకాళ్ళు మడిచి వెనక్కి వాలితే చాలు. బిగదీసుకుంటే లేపడం కష్టం. చిలకరించే సంఘాలకు, అంటే సీఎస్ఐ, లూథరన్, కథోలిక సంఘాలకు, ఈ తతంగమేదీ అక్కర్లేదు. కథోలికుల దగ్గర పెద్దవాళ్ళకు నెలల తరబడి బోధ ఉంటుంది, బాప్తిస్మం మామూలుగా పాస్కా జాగరణ రాత్రి, అంటే ఈస్టరు ముందు రాత్రి ఇస్తారు. ఏ సంఘమైనా సరే, తరగతులు లేకుండా తేదీ మాత్రమే చెప్పేవారి దగ్గర తొందరపడకండి. పేరు మార్చుకోవడం తప్పనిసరి కాదు.

చట్టం సంగతులు పొడిగా చెబుతాను. నాన్నగారు వీలునామా రాయకుండా పోయి, ఆ డెబ్భై సెంట్లు ఆయన స్వార్జితమైతే, ఆయన పోయిన రోజే అమ్మకూ అన్నయ్యకూ మీకూ సమాన హక్కు వచ్చేసింది, తలా ఇరవై మూడు సెంట్ల పైన. తర్వాత మీరు మతం మారినా అది పోదు. హిందూ వారసత్వ చట్టం 26వ సెక్షను, మతం మారిన తర్వాత పుట్టే పిల్లలకు మాత్రమే హిందూ బంధువుల ఆస్తి విషయంలో అడ్డు పెడుతుంది. మీ పిల్లలు ముందే పుట్టారు. పిత్రార్జితమైతే లెక్క వేరు, వకీలుకు కాగితాలు చూపించండి. హిందూ వివాహ చట్టం 13వ సెక్షను ప్రకారం ఒకరు మతం మారితే రెండోవారు విడాకులు అడగవచ్చు. మీ ఆయన అలాంటివారు కాదని మీ ఉత్తరమే చెబుతోంది, అయినా తెలిసి ఉండాలి.

కులం మీరు రాయలేదు. ఎస్సీ అయితే ఇది ముఖ్యం: 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకు, 1956 నుంచి సిక్కులకు, 1990 నుంచి బౌద్ధులకు మాత్రమే. క్రైస్తవంలోకి మారితే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బీసీ-సీ కిందికి వస్తారు. దాచిపెట్టి పాత సర్టిఫికెట్ వాడుకోమని సలహా ఇచ్చేవాళ్ళు దొరుకుతారు. కుల ధ్రువీకరణ పత్రాల మీద ఉన్న 1993 చట్టం కింద అది శిక్ష పడే నేరం. పిల్లల విషయం మీ ఆయనతో కూర్చుని, వాళ్ళకు బాప్తిస్మం ఇప్పిస్తారా, పెద్దయ్యాక వాళ్ళకే వదిలేస్తారా అన్నది ముందే తేల్చుకోండి.

చివరగా ఆ పుస్తకం. ఒడ్డుకు తీసుకెళ్ళానన్నారు కాబట్టి పేజీల మధ్య ఇసుక, ఉప్పు తేమ ఉంటాయి. మెత్తటి బ్రష్షుతో మడతల్లోంచి ఇసుక దులపండి. ఎండలో పెట్టకండి, నీడలో గాలికి ఆరనివ్వండి. పేజీల మధ్య తెల్లకాగితాలు పెట్టండి, వార్తాపత్రికలు వద్దు, సిరా అంటుకుంటుంది. చిరిగిన చోట సెల్లోటేపు వేయకండి, లామినేషన్ అసలే వద్దు. పెన్సిలు రాత రాపిడికి చెరిగిపోతుంది కాబట్టి పక్కనుంచి వెలుతురు పడేలా పెట్టి ఫొటో తీయండి. ఈసారి ఒడ్డుకు ఆ ఫొటో చాలు.

పేర్లు మూడున్నాయి, వయసులు లేవు. అమ్మ పెళ్ళయి వచ్చేనాటికి వాళ్ళెవరూ లేరు కాబట్టి ఆమెకూ తెలియదు. నాన్నగారి పినతల్లి నాగాయలంకలో ఉన్నారని మీ ఉత్తరం చివర ఒక మూల రాశారు, ఎనభై దాటిందన్నారు. నవంబరు లోపు అన్నయ్యను తోడు తీసుకుని వెళ్ళండి. ఫోన్లో రికార్డు పెట్టి, ఆ ఇద్దరు ఆడపిల్లలకు ఎన్నేళ్ళో, ఇంట్లో ఏమని పిలిచేవారో అడగండి.